ఏడో తరగతి పాప, ఇన్సులిన్, ఒక జడ్పీ హైస్కూలు: కేస్ స్టడీ

నేను చదివింది నర్సింగ్. పిల్లల ఆసుపత్రిలో డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, వేలు గుచ్చి షుగర్ ఎలా చూసుకోవాలో, ఏం తింటే ఎంత పెరుగుతుందో పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ నేర్పడం నా పని. ఆ పని ఆసుపత్రి గదిలో సగమే అవుతుంది. మిగతా సగం బడిలో, ఎందుకంటే పిల్లలు మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం అక్కడే గడుస్తుంది. ఈ కేసు పల్నాడు ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుది. పాపను, ఊరిని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

పాప వయసు పన్నెండు, ఏడో తరగతి, బరువు 31 కిలోలు. టైప్ 1 డయాబెటిస్ ఆమెకు పదో ఏట బయటపడింది. నెల రోజులుగా బిందెడు నీళ్లు తాగడం, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, చిక్కిపోవడం. చివరికి వాంతులు, ఆయాసంతో ఐసీయూలో చేర్చారు. చాలామంది పిల్లల్లో ఈ జబ్బు ఇలాగే, కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వచ్చే స్థితి) దాకా వచ్చాకే తెలుస్తుంది. తల్లికి మాత్రం ‘తీపి ఎక్కువ పెట్టాను, అందుకే వచ్చింది’ అన్న బాధ పోలేదు. ఇది తిండి వల్ల వచ్చేది కాదనీ, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుందనీ ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా సరే, ఇంట్లో అత్తగారి మాట వేరేగా ఉంటుంది.

తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి పొలం పనులకు పోతుంది, మిరప కోతల కాలంలో తెల్లారకముందే వెళ్లిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే 30/70 మిక్స్ ఇన్సులిన్‌ను రోజుకు రెండు పూటలు వేసేవారు, ఉదయం ఏడుంపావుకు 18 యూనిట్లు, రాత్రి 10. ఈ మిక్స్‌లో త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్ 30 శాతం, నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేసే ఎన్‌పీహెచ్ 70 శాతం ఉంటుంది. రెగ్యులర్ భాగం వేసిన రెండు నుంచి నాలుగు గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది, తర్వాత ఎన్‌పీహెచ్ అందుకుంటుంది. అంటే ఏడుంపావు ఇంజెక్షన్ తొమ్మిదింపావు నుంచి పదకొండుంపావు దాకా ఒక దెబ్బ, మధ్యాహ్నం నుంచి బడి వదిలేదాకా ఇంకో దెబ్బ. ఈ మందు మీద ఉన్న పిల్లలు షుగర్ మరీ పడిపోకుండా పదిన్నర ప్రాంతంలో ఏదో ఒకటి తినాలి, మధ్యాహ్నం భోజనం ఆలస్యం కాకూడదు. సాయంత్రం ఆటల పీరియడ్ ఉన్న రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇవేవీ బడికి తెలియవు. పాపకు షుగర్ ఉందన్న సంగతే చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని తండ్రిని అడిగితే, “ఆడపిల్ల మేడమ్. ఊళ్లో ఒకసారి పేరు పడితే రేపు సంబంధం వస్తుందా?” అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. మగపిల్లల తల్లిదండ్రుల్లోనూ దాచేవాళ్లున్నారు గానీ, ఆడపిల్లల విషయంలో ఇది దాదాపు ఇంటి కట్టుబాటు. దాంతో పదిన్నర ఇంటర్వెల్‌లో తినమని తల్లి ఇచ్చిన రెండు బిస్కెట్లను పాప జేబులో పెట్టుకుని మరుగుదొడ్డి వెనక నిలబడి తినేది. తోటి పిల్లలు చుట్టూ ఉన్న రోజు తినేది కాదు.

కింద పడిన రోజు

సెప్టెంబరులో మండల స్థాయి ఆటల ఎంపికలకు ఖోఖో ప్రాక్టీసు జరుగుతోంది. పాప జట్టులో ఉంది, బాగా పరిగెడుతుంది కూడా. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సగమే తిన్నది. మూడున్నరకు ఆటలో ఒక్కసారిగా నిలబడిపోయి, పీఈటీ సార్ పిలిస్తే పొంతన లేని మాటలు మాట్లాడింది. ఒళ్లంతా చెమట. తర్వాత పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. అందరూ మూర్ఛ అనుకున్నారు. ఎవరో బీరువా తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఇంకెవరో మొహాన నీళ్లు కొట్టి నోట్లో కూడా పోయబోయారు. అప్పుడు పక్క బెంచీ పిల్ల ఏడుస్తూ, “దానికి ఇంటి దగ్గర ఇంజెక్షన్లు వేస్తారు సార్” అని చెప్పింది. రహస్యం తెలిసిన ఒక్క మనిషి ఆ పిల్ల.

108 వచ్చింది. అందులోని టెక్నీషియన్ షుగర్ చూస్తే 38, అది 70 కంటే తగ్గకూడదు. నరానికి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కిస్తే దారిలోనే కళ్లు తెరిచింది.

మర్నాడు తండ్రిని పిలిపించి హెడ్మాస్టరు గారు, “కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉంచండి, పూర్తిగా బాగయ్యాక పంపండి” అన్నారు. టీసీ మాట ఎత్తలేదు. కానీ ఇది పూర్తిగా బాగయ్యే జబ్బు కాదు, కాబట్టి ఆ మాటకు అర్థం బడి మానేయమనే. తండ్రి కూడా సరేననుకునే దశలోనే మా దగ్గరికి వచ్చాడు. పాప మాత్రం మంచం మీద కూర్చుని ఖోఖో ఎంపికలు ఏ తేదీనో అడిగింది.

బడి ఏమనుకుంటోంది

తండ్రిని ఒప్పించి, ఆయనతోనే బడికి వెళ్లాను. ఒప్పించడానికి పెద్ద వాదన అక్కర్లేకపోయింది. పాప మైదానంలో అందరి ముందూ పడిపోయాక దాచడానికి మిగిలిందేమీ లేదని ఆయనకే అర్థమైంది.

హెడ్మాస్టరు గారు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. తర్వాత సూటిగా చెప్పారు: “చూడండి మేడమ్, మేం పాఠాలు చెప్పేవాళ్లం. సూదీ మందూ మాకు తెలియదు. ఏదన్నా అయితే రేపు పేపర్లో మా ఫొటో వస్తుంది, డీఈఓ ఆఫీసు నుంచి మెమో వస్తుంది. అప్పుడు మీరు రారు కదా.”

ఈ మాటకు చాలామంది డాక్టర్లకు కోపం వస్తుంది. బడికి దయ లేదంటారు. నాకు అలా అనిపించదు. ఆ మాటలో నిజం ఉంది. మన దేశంలో టైప్ 1 పిల్లవాడికి బడిలో ఎవరు ఏం చేయాలో చెప్పే చట్టం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఈ జబ్బు లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి “మా బాబుకు బడిలో 504 ప్లాన్ రాయించాం” అంటుంటారు. అక్కడ 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ ఆధారంగా బడి రాతపూర్వకంగా బాధ్యత తీసుకుంటుంది. ఇక్కడ ఆ అండ లేని హెడ్మాస్టరును ‘మీరే చూసుకోండి’ అనడం అన్యాయం. ఆయన అడిగినది, నా లెక్కలో, ఒక్కటే: తను చేసిన పని సరైనదని రేపు చూపించుకోవడానికి చేతిలో ఒక కాగితం.

కాగితాలు కొన్ని ఉన్నాయి. టైప్ 1 ఉన్న పదో తరగతి, పన్నెండో తరగతి విద్యార్థులు చక్కెర బిళ్లలు, పండు, చిన్న నీళ్ల సీసా లాంటివి పరీక్ష హాల్లోకి తీసుకెళ్లవచ్చని సీబీఎస్ఈ 2017లో అనుమతించింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఈ పిల్లలు తరగతిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో తినడానికి బడులు వీలు కల్పించాలని అందులో ఉంది. అదే ఏడాది ఉత్తరప్రదేశ్ విద్యాశాఖ దాన్ని పట్టుకుని తన బడులకు ఆదేశాలిచ్చింది. సీబీఎస్ఈ ఉత్తర్వు జడ్పీ హైస్కూలుకు వర్తించదు, యూపీ ఆదేశం ఆంధ్రప్రదేశ్‌కు వర్తించదు. ఆ సంగతి హెడ్మాస్టరు గారికి నాకంటే బాగా తెలుసు. అయినా ప్రింట్లు తీసి ముందు పెడితే కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. ‘ఇలాంటిది వేరేచోట చేస్తున్నారు, ఇది నేను ఒక్కణ్నే చేసే సాహసం కాదు’ అన్న ధైర్యం ఆ కాగితాలు ఇచ్చాయి. అంతకుమించి వాటి నుంచి నేను ఆశించలేదు.

ఒక్క పేజీ

ఆ తర్వాత మా డాక్టరు గారు, నేను కూర్చుని ఒక్క పేజీ తయారుచేశాం. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. పుస్తకం ఇస్తే ఎవరూ చదవరు. డయాబెటిస్ అంటే ఏమిటి, క్లోమం ఎక్కడుంటుంది లాంటివి అందులో పెట్టలేదు. బడి వాళ్లు ఏం చేయాలి, ఏం చేయనక్కర్లేదు, ఏం చేయకూడదు, ఇంతే.

చేయనక్కర్లేనివి ముందు రాశాం. టీచర్లు ఎవరూ ఇంజెక్షన్ వేయనక్కర్లేదు. డోసు నిర్ణయించనక్కర్లేదు. వేలు గుచ్చనక్కర్లేదు, పాపే చూసుకుంటుంది. ఈ మూడు వాక్యాలు చదివాక స్టాఫ్ రూమ్‌లో గాలి మారింది. అప్పటిదాకా వాళ్ల మనసులో ఉన్నది సూదే.

చేయాల్సినవి: పాప వణుకుతున్నా, చెమట పట్టినా, ఉన్నట్టుండి చిరాకు పడినా, మత్తుగా తల వాల్చినా షుగర్ తగ్గిందనుకోండి. మీటరు ఉంటే చూడనివ్వండి, 70 కంటే తక్కువైతే తగ్గినట్టే. మీటరు దొరక్కపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు, పంచదార ఇచ్చేయండి. మూడు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజ్ పొడి అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే ఇవ్వండి. 70 దాటి తేరుకున్నాక రెండు బిస్కెట్లో అరటిపండో పెట్టండి. పాపను ఒంటరిగా ఎక్కడికీ పంపవద్దు, ఆఖరికి ఆఫీసు రూముకైనా సరే. ఈ చివరి మాట కింద రెండు గీతలు గీశాం. షుగర్ పడిపోతున్న పిల్లను “వెళ్లి ఆఫీసులో కూర్చోమ్మా” అని పంపితే దారిలో మెట్ల మీద పడిపోతుంది. బడుల్లో నేను తరచూ చూసే ప్రమాదం ఇదే, పైగా దయతోనే చేస్తారు.

చేయకూడనివి: స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, పెట్టవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, “షుగర్ పేషెంటు, షుగర్ పడిపోయింది” అని చెప్పండి. తాళాలు చేతిలో పెట్టొద్దని కూడా రాశాం. అది రాసినందుకు అందరూ నవ్వారు గానీ, రాయకపోతే పెడతారు.

కింద డాక్టరు సంతకం, తల్లి వేలిముద్ర, తండ్రి సంతకం, మూడు ఫోన్ నంబర్లు. తల్లిది కీప్యాడ్ ఫోన్, చేలో ఉంటే ఎత్తదు. అందుకని తండ్రి నంబరు ముందు, మేనమామది తర్వాత, ఆసుపత్రిది చివర. ‘ఈ పేజీలో ఉన్నట్టు చేస్తే ఫలితానికి బడి బాధ్యత లేదు’ అని ఒక వాక్యం తండ్రే చేర్చమన్నాడు. చట్టం ముందు దాని విలువెంతో చెప్పలేను గానీ, హెడ్మాస్టరు గారు ఆ వాక్యం దగ్గర ఆగి, “ఇది చాలు” అన్నారు.

టీచర్ల షుగర్

మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట అందర్నీ కూర్చోబెట్టారు. ఆ గంటలో పెద్ద అడ్డంకి తెలియకపోవడం కాదు, సగం తెలిసుండటం. స్టాఫ్‌లో చాలామందికి తమకో, ఇంట్లో వాళ్లకో షుగర్ ఉంది. “నాకూ ఉంది మేడమ్, పొద్దున ఒక మాత్ర వేసుకుని గంట నడుస్తా. ఈ పిల్లకు ఇంజెక్షన్ ఎందుకు అలవాటు చేశారు?” అని ఒక సార్ అడిగారు. ఇంకో మేడమ్ కాకరకాయ రసం, మెంతులు పాపకే నేరుగా చెప్పారట. ఇన్సులిన్ మానేసి అవి తాగితే ఈ పాప కొద్ది రోజుల్లోనే మళ్లీ ఐసీయూలో ఉంటుందని చెప్పాల్సి వచ్చింది. కొంచెం గట్టిగానే చెప్పాను. పెద్దవాళ్లకు మామూలుగా వచ్చే టైప్ 2లో శరీరంలో ఇన్సులిన్ ఎంతోకొంత ఊరుతుంది, ఉన్నది సరిగా పనిచేయదు. ఈ పిల్లలో ఊరేదే దాదాపు లేదు. బయటి నుంచి వేయకపోతే బతకదు.

దీనికంటే చిక్కు ప్రశ్న లెక్కల మేడమ్ వేశారు: “షుగర్ ఉన్న పిల్లకు పంచదార ఇవ్వడమేమిటండీ? ఎక్కువైపోతే?” ఎంత వివరించినా ఈ భయం చెవుల్లోంచి పోదు, చేతుల్లోంచే పోవాలి. అందుకే మాటలు ఆపి మీటరు తీశాను. ఎవరైనా వేలిస్తారా అంటే ముందు ఎవరూ రాలేదు, తర్వాత వరస కట్టారు. సైన్స్ మేడమ్‌కు 112, తెలుగు సార్‌కు 268. ఆయన మొహం వాడిపోయింది. “ఇప్పుడు మీకు 268 ఉంది, అయినా నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, రేపు డాక్టర్ని కలిస్తే సరిపోతుంది. ఆ పాపకు ఆ రోజు మైదానంలో 38. ఒక పూట ఎక్కువైతే దిద్దుకోవడానికి టైముంది. తక్కువైతే నిమిషాలే” అన్నాను. ఆ తర్వాత పంచదార గురించి ఎవరూ అడగలేదు. మూడు చెంచాల పంచదార అంటే సుమారు 12 గ్రాములు, పాప బరువుకు కిలోకు 0.3 గ్రాముల లెక్కన తొమ్మిది పది గ్రాములు చాలు. కాస్త ఎక్కువైనా ఇబ్బంది లేదు.

చాక్లెట్ ఇవ్వొచ్చా అన్నారు. వద్దన్నాను, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. గ్లూకోజ్ పొడి ప్యాకెట్ తరగతి గదిలో పెడితే వారంలో చీమలు పడతాయి, వానాకాలం గడ్డకడుతుంది. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలు తెప్పించాం. ఒకటి తరగతి టీచరు బల్ల సొరుగులో, ఒకటి పీఈటీ సార్ బ్యాగులో, ఒకటి వంట గదిలో, ఒకటి పాప సంచిలో. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. బడిలో విలువైన వస్తువు అనగానే తాళం పడుతుంది, తాళంచెవి ఉన్న మనిషి ఆ రోజు సెలవులో ఉంటారు.

జావ రోజులు, చిక్కీ రోజులు

పాప మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టాక పదకొండు గంటల షుగర్ రాసుకురమ్మన్నాం. మూడు వారాల డైరీ చూస్తే అంకెలు పిచ్చిగా ఉన్నాయి. ఒకరోజు 240, మర్నాడు 72. ఇన్సులిన్ సరిగా వేయడం లేదేమో అని మా డాక్టరు గారికి అనుమానం. సిరంజి మార్చేశారేమో అని నాకు. ప్రభుత్వ సరఫరా ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. కాషాయం మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. మందుల షాపులో ఏది ఉంటే అది ఇచ్చేస్తారు, డోసు తారుమారవుతుంది. చూస్తే ఎర్ర మూతే ఉంది.

జవాబు వంటక్క దగ్గర దొరికింది. ఆమె ఆ ఊరిదే, పాపకు వరసకు పిన్ని. “ఎక్కువున్న రోజులు జావ రోజులు కదా మేడమ్” అంది డైరీ వినగానే. ప్రభుత్వ బడుల్లో వారంలో మూడు రోజులు బెల్లం వేసిన రాగి జావ, మూడు రోజులు పల్లీ చిక్కీ ఇస్తున్నారు. ఆ బడిలో జావ ప్రార్థన అవగానే పోస్తారు, చిక్కీ మధ్యాహ్నం భోజనంతో ఇస్తారు. పాప జావ రోజు ఇంట్లో ఇడ్లీ తిని, బడిలో గ్లాసు నిండా జావ తాగి, పదిన్నరకు బిస్కెట్లూ తింటోంది. చిక్కీ రోజు జావ లేదు, బిస్కెట్లు ఒక్కోసారి మానేస్తోంది. అంకెలు ఎగుడుదిగుడు అయింది అందుకే.

డాక్టర్లు జావ మాన్పించేస్తారని వంటక్క భయపడింది. మాన్పించలేదు. జావను ప్రార్థన తర్వాత కాకుండా పదిన్నర ఇంటర్వెల్‌లో, బిస్కెట్ల బదులు, ముప్పావు గ్లాసు ఇమ్మన్నాం. మూతపెట్టి పక్కన ఉంచడం వంటక్క పని. చిక్కీ రోజు బిస్కెట్లు గానీ అరటిపండు గానీ తప్పనిసరి, మరుగుదొడ్డి వెనక కాదు, తరగతిలో అందరి ముందు. చక్కెర పొంగలి వండే రోజు ఎంత తినొచ్చో వంటక్కకు గరిటె లెక్కలో చెప్పాం. బియ్యం ఆలస్యమై వంట లేటయితే ఆ కబురు తరగతి టీచరుకు ముందే చెప్పే పని కూడా ఆమె తనంతట తనే తీసుకుంది. మేమెవరం అడగలేదు.

ఏ బడికి వెళ్లినా ఇప్పుడు నేను స్టాఫ్ రూమ్ కంటే ముందు వంటింట్లోకి వెళతాను.

మధ్యాహ్నం డోసు

రెండు పూటల మిక్స్ ఇన్సులిన్‌తో ఈ వయసు పిల్లల షుగర్ అదుపులో ఉంచడం కష్టం. మందు గడియారాన్ని బట్టి పిల్ల తినాలి గానీ, తిండిని బట్టి మందు వేసుకునే వీలుండదు. రాత్రి ఒక గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్), మూడు పూటలా భోజనానికి ముందు వేగంగా పనిచేసే ఇన్సులిన్ అయితే మేలని డాక్టరు గారు మొదటి నుంచీ అంటున్నారు. ఖర్చులో కొంత ఒక స్వచ్ఛంద సంస్థ భరిస్తానంది. కానీ అప్పుడు మధ్యాహ్నం డోసు బడిలో వేసుకోవాలి. బడి సిద్ధం కాకముందు ఆ మార్పు చేయకూడదని పట్టుబట్టాను. సిద్ధం కాని బడిలో పిల్ల ఆ డోసు బాత్రూంలో వేసుకుంటుంది, లేదా వేసుకున్నానని డైరీలో రాసి మానేస్తుంది. రెండూ చూశాను.

అందుకే మార్పు సంక్రాంతి సెలవుల తర్వాత చేశాం. అప్పటికి బడి వాళ్లకు పాప అలవాటైంది, షుగర్ కాస్త పడిపోతే రెండు మూడు సార్లు వాళ్లే సరిచేశారు. చోటు కోసం వెతికితే స్టాఫ్ రూమ్‌లో రెండు బీరువాల మధ్య మూల దొరికింది. కర్టెన్ సైన్స్ మేడమ్ ఇంటి నుంచి తెచ్చారు. పాప ఇన్సులిన్ పెన్నులో డోసు అంకె తిప్పి మేడమ్‌కు చూపిస్తుంది, మేడమ్ ఆ అంకె పైకి చదువుతుంది, పాప వేసుకుంటుంది. మేడమ్ చేసేది చదవడమే. పన్నెండేళ్ల పిల్లకు వేసుకోవడం వచ్చు, కానీ ఆకలి మీద, పక్కన స్నేహితులు పిలుస్తుంటే 5 బదులు 15 తిప్పడం కష్టమేమీ కాదు. వాడిన సూది గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి ఇంటికి తీసుకెళ్లాలి, బడి చెత్తబుట్టలో పడకూడదు. ఊడ్చే ఆయా చేతికి గుచ్చుకుంటే మళ్లీ మొదటికొస్తుంది వ్యవహారం. వేసుకున్నాక వెంటనే తినాలి కాబట్టి భోజనం వరసలో పాపను ముందు నిలబెట్టమన్నాం. “దానికి మాత్రం ముందెందుకు?” అని పిల్లలు గొడవ చేశారు. పాపే లేచి తరగతిలో తన జబ్బు సంగతి చెప్పింది. తండ్రికి చెప్పకుండానే చెప్పింది. ఆయనకు తర్వాత తెలిసి రెండు రోజులు మాట్లాడలేదట.

ఎక్కువైనప్పుడు ఏం చేయాలో టీచర్లు పెద్దగా అడగరు, ఎందుకంటే అది కంటికి కనిపించదు. రెండు విషయాలు చెప్పాం. షుగర్ ఎక్కువున్న పిల్ల మాటిమాటికీ నీళ్లు, బాత్రూం అడుగుతుంది, ‘ఇప్పుడే కదా వెళ్లావు’ అనవద్దు. 250 దాటి వాంతులు, కడుపునొప్పి ఉంటే, ఊపిరి వేగంగా తీస్తుంటే అది అజీర్తి కాదు, తండ్రికి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపాలి.

మళ్లీ ఖోఖో

పీఈటీ సార్ ఒప్పుకోవడానికి అందరికంటే ఎక్కువ సమయం పట్టింది. పడిపోయింది ఆయన కళ్ల ముందే. “స్కోరు రాసే పని ఇస్తాను మేడమ్, ఆడించను” అన్నారు. ఆటలు మానేయడం టైప్ 1 వైద్యంలో భాగం కాదని, ఆడితే ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని చెప్పాను. బాగా పనిచేయడమే ఆ రోజు ముంచింది, అదీ నిజమే. ఆటకు ముందు షుగర్ చూడాలి. 90 కంటే తక్కువుంటే ముందు ఏదైనా తిని, పెరిగాక ఆడాలి. అరగంటకోసారి ఆపి చూడాలి. ఎక్కువసేపు ఆడిన రోజు రాత్రి నిద్రలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి సార్ తండ్రికి ఒక మెసేజ్ పెట్టాలి, తల్లి పడుకునే ముందు చూసి అవసరమైతే పాలు, ఏదైనా తిండి ఇస్తుంది. ఆ మెసేజ్ సార్ ఒక్కరోజు కూడా మరచిపోలేదు. నవంబరులో మొదట పది నిమిషాలు ఆడించి ఆపేసేవారట, డిసెంబరుకు పూర్తి ఆట. మండల ఎంపికలు ఆ ఏడాది అప్పటికే అయిపోయాయి.

కుదిరినవి, కుదరనివి

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే వేసిన లెక్కలన్నీ మారాయి. బడి ఏడూ ముప్పావుకే మొదలు, భోజనం బడి వదిలే వేళకు. మిరప కోతలకు వెళ్లే తల్లి అప్పటికి ఇంట్లో ఉండదు, ఉదయం ఇన్సులిన్, టిఫిన్ తండ్రి చూడాలి. ఈ ఒంటిపూట రోజుల టైంటేబుల్ విడిగా రాసుకోవాలని ఇప్పుడు ప్రతి కుటుంబానికీ సంక్రాంతికే చెబుతున్నాను. ఎండలకు పెన్ను సంచిలో వేడెక్కకుండా స్టాఫ్ రూమ్ మూలలో నీళ్లు పోసిన ఇసుకలో చిన్న మట్టికుండ పెట్టారు, పెన్నును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అందులో ఉంచుతుంది.

పాప హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) సెప్టెంబరులో 10.4, ఏప్రిల్‌లో 8.7. మాకు కావాల్సిన చోటికి ఇంకా రాలేదు. స్పృహ తప్పడం మళ్లీ జరగలేదు. హాజరు మెరుగైంది, లెక్కల్లో మార్కులు కూడా. పదకొండు గంటల పీరియడ్ లెక్కలది. అంతకుముందు నిద్రపోతోందని మేడమ్ కొట్టిన పిల్లే ఈమె.

వేసవిలో బదిలీలయ్యాయి. హెడ్మాస్టరు గారు, సైన్స్ మేడమ్ ఇద్దరూ వేరే మండలాలకు వెళ్లిపోయారు. ప్రభుత్వ బడిలో శిక్షణ ఇచ్చేవాళ్లు ముందే ఊహించాల్సిన సంగతి ఇది. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2013లో బడుల కోసం మొదలుపెట్టిన కిడ్స్ అనే కార్యక్రమానికి తొలి దేశాల్లో బ్రెజిల్‌తో పాటు మన దేశమూ ఉంది, సామగ్రికి కొరత లేదు. మనుషులే మారిపోతుంటారు. ఈ బడిలో బదిలీ కానివాళ్లు వంటక్క, ఆయా, పక్క బెంచీ పిల్ల. ముగ్గురికీ పేజీ కంఠతా వచ్చు. సైన్స్ మేడమ్ వెళ్లేముందు పేజీ కాపీని బీరువా తలుపు లోపల అంటించి, అంకె చదివే పని ఇంగ్లిష్ మేడమ్‌కు అప్పగించి, రెండు రోజులు దగ్గరుండి చేయించారు.

గ్లూకగాన్ సంగతి తేలలేదు. షుగర్ పడిపోయి స్పృహ లేనప్పుడు, షుగర్ పెంచడానికి కండకు వేసే ఈ ఇంజెక్షన్, 25 కిలోలు దాటిన పిల్లకు 1 మిల్లీగ్రాము, బడిలో ఉంటే 108 వచ్చేలోపు పాప తేరుకుంటుంది. కానీ ధర ఎక్కువ, ఆ ఊరి షాపుల్లో దొరకదు, పైగా ఆ పేజీ మొదట్లోనే టీచర్లు ఇంజెక్షన్ వేయనక్కర్లేదని రాసిచ్చాం. ఆ మాట మార్చి అడిగితే సంపాదించుకున్న నమ్మకం పోతుందేమోనని డాక్టరు గారి సంశయం. పీహెచ్‌సీ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడి స్టాఫ్ నర్సుతో మాట్లాడి డెక్స్‌ట్రోజ్ ఎప్పుడూ ఉండేలా చూడమన్నాం. బడిలో ఎవరైనా తమంతట తాము నేర్చుకుంటామంటే నేర్పడానికి నేను సిద్ధం. కొత్త హెడ్మాస్టరు గారు జూన్‌లో చేరారు. ఆయనకు పేజీ చూపించడానికి తండ్రి ఈసారి నాకంటే ముందే వెళ్లొచ్చాడు.